బారువ నుంచి మూలపేటకు ఇసుక దారిన

ఉత్తరాంధ్రలో పాడుబడ్డ గనులు చూడాలనుకునేవాళ్లు మామూలుగా చీపురుపల్లి, గరివిడి వైపు పోతారు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది అక్కడి కోడూరులోనే, 1892లో. లీ ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ దొరికిన ఒక రాయికి ఊరి పేరే తగిలించి కోడురైట్ అన్నాడు. ఈసారి నేను అటు పోలేదు. సముద్రం వైపు పోయాను. బారువ నుంచి మూలపేట దాకా తీరం వెంట లెక్కేస్తే యాభై కిలోమీటర్ల లోపే. ఆ కొసన చచ్చిపోయిన రేవు ఉంది. ఈ కొసన కడుతున్న రేవు ఉంది. నడుమ సగం కట్టి వదిలేసిన కరెంటు ప్లాంటు ఉంది. దాని పక్కనే, ఎవరొచ్చినా ఎవరు పోయినా ఏటేటా పండుతూనే ఉన్న ఉప్పు ఉంది. ఈ నాలుగింటినీ కలిపే రోడ్డు మాత్రం లేదు. హైవే ఎక్కి పలాస, టెక్కలి మీదుగా చుట్టి రావచ్చు, అలా వస్తే ఏమీ కనపడదు.

బండి మా బావది. మేనత్త కొడుకు, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. జీడి పిక్కలు కొనడానికి ఈ తీరపు తోటల సీమ ఉద్దానంలో ఊళ్లన్నీ తిరిగే పాత బొలెరో అది. దానికి తెలియని తోట దారి లేదని అతని నమ్మకం. "మ్యాపు మూసీ బావా," అన్నాడు ఎక్కగానే. "అందులో ఉన్న రోడ్లు ఇక్కడుండవు, ఇక్కడున్న రోడ్లు అందులో ఉండవు."

బారువలో రేవు చూద్దామని వచ్చినవాడికి చూడడానికి ఏమీ ఉండదు, ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లైట్‌హౌస్ ఉంది. కోటిలింగేశ్వరుడి గుడి ఉంది. మహేంద్రగిరి నుంచి దిగి వచ్చిన మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు ఉంది. వేసవి తలుపు తడుతున్న రోజులు గనక ఏరు కెరటాల దాకా రాలేక ఇసుక మేట వెనకే ఆగిపోయి ఉంది. ఒడ్డున తాబేళ్ల గుడ్లు పొదిగే చోట వల కట్టి కాపలా పెట్టారు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెట్టి పోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా ఆ గుడ్లను ఏరి తెచ్చి ఇక్కడ పాతిపెడతారు, నెలన్నర రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. సెలవు రోజుల్లో బరంపురం నుంచీ శ్రీకాకుళం నుంచీ జనం వస్తారు, ఐస్‌క్రీం బళ్లు వస్తాయి. రేవు ఎక్కడ అని అడిగితే కుర్రాళ్లు లైట్‌హౌస్ చూపిస్తారు.

అది వాళ్ల తప్పు కాదు. రేవు అనగానే మన కళ్లముందు కదిలే రాతి గోడలు, జెట్టీలు, క్రేన్లు ఇక్కడ పెద్దగా ఉండేవే కావు. ఇది కెరటాల మీద నడిచిన రేవు. స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు, లోతు నీళ్లలో దూరంగా లంగరేసి నిలబడేది. సరుకునూ మనుషులనూ దాని దగ్గరికి చేర్చేవి కుట్టు పడవలు. మేకన్నది కొట్టకుండా పలకకు పలక కొబ్బరి తాడుతో కుట్టేవారు. దొరలు వాటిని మసూలా పడవలని రాసుకున్నారు. కోరమండల్ తీరమంతా అవే. మేకులు దిగ్గొట్టిన పడవ కెరటం విసురుకు నేల తగిలితే విచ్చిపోతుంది. కుట్టు పడవ ఒంగుతుంది, ఊగుతుంది, నీళ్లు కారుతుంది, విరగదు. లోపల ఒకడు నీళ్లు తోడిపోస్తూనే ఉండాలి. అలాంటి రేవు శిథిలాలు వదిలిపెట్టదు. తాళ్లు చీకిపోయాయి, పలకలు పొయ్యిలోకి పోయాయి, అంతే.

శిథిలం ఏదైనా ఉందంటే అది నీళ్ల అడుగున ఉంది. చిల్కా అనే స్టీమరు ఈ ఒడ్డుకు ఎదురుగా తగలబడి మునిగిపోయింది. నూరేళ్లు దాటిపోయిన మాట అది. ఇప్పుడు స్కూబా నేర్చినవాళ్లు దిగి దాని ఇనుప అస్థిపంజరాన్ని చూసి వస్తున్నారు. మా ఇద్దరికీ ఈత చెరువు వరకే.

అప్పట్లో బారువ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోది. గోపాలపురం, బారువ, కళింగపట్నం, భీమిలి: ఈ రేవుల్లో బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఆగి కూలీలను ఎక్కించుకుని రంగూన్ పోయేవి. అక్కడ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసింది మనవాళ్లు, రేవులో ఓడలు నింపిందీ దింపిందీ మనవాళ్లు, రిక్షాలు లాగింది మనవాళ్లు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే, అందులో తెలుగువాళ్లది పెద్ద వాటా. కోతలకు పోయి కోతలైపోగానే తిరిగొచ్చేవాళ్లు కొందరు, అక్కడే ఉండిపోయినవాళ్లు కొందరు. ఉద్దానంలో కాస్త కలిగినవాళ్ల పాత పెంకుటిళ్లలో బర్మా టేకు ద్వారబంధాలు ఇప్పటికీ కనిపిస్తాయి. బావ వాళ్ల నాయనమ్మ ఇంట్లోనూ ఉండేవి. వాటిని అమ్మేసి ఇనుప తలుపులు పెట్టించిన సంగతి అతను కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు.

ఈస్ట్ కోస్ట్ రైల్వే 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా పడింది. అది సముద్రం ఒడ్డున పడలేదు, మైళ్ల దూరం లోపలికి పడింది. బారువ పేరుతో స్టేషను కూడా లోపలే ఉంది. దాంతో సరుకు రైలు వైపు మళ్లింది. మనుషులు మాత్రం ఇంకా చాలాకాలం స్టీమరే ఎక్కారు, రైలు రంగూన్ పోదు గనక. ఆ తరువాతి కథ అందరికీ తెలిసిందే. 1942లో జపాన్ బర్మా మీద పడింది, లక్షల మంది కాలినడకన అడవులు దాటి ఇళ్లకు బయలుదేరారు, దారిలో ఎంతమంది పోయారో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. మనుషులు ఎక్కడం మానేశాక రేవుకు పనేముంది? స్వాతంత్ర్యం వచ్చాక బారువ రేవుగా లెక్కలోకి రావడం మానేసింది.

ఊళ్లో గౌతు లచ్చన్న పేరు చెప్పని పెద్దమనిషి ఉండడు. 1909లో ఇక్కడే పుట్టాడు. 1930లో గాంధీ ఉప్పు వండమనగానే ఇరవై దాటిన ఈ కుర్రాడు బారువ దగ్గర సముద్రపు నీళ్లతో ఉప్పు చేసి, ఆ ఉప్పును పలాసలో అమ్ముతూ పట్టుబడ్డాడు. నాకు ఇందులో నచ్చేది పలాస. ఉప్పు వండడం ఒక సంకేతం, దాన్ని రైలు స్టేషనున్న ఊరికి మోసుకుపోయి బేరానికి పెట్టడం ఉద్దానం పద్ధతి. అదే ఏడు మే నెలలో అవతలి ఒడ్డున రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. సమ్మె కట్టిన తెలుగువాళ్ల బదులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు, సమ్మె తీరాక వాళ్లను పొమ్మన్నారు. దాంతో మొదలైన గొడవల్లో వందకు పైగా మనుషులు చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. ఒకే ఏడు, ఒకే సముద్రం. ఇక్కడ ఉప్పు అమ్మిన కుర్రాడికి జైలు, అక్కడ బస్తా మోసిన కూలీకి కత్తిపోటు. బడిపుస్తకాల్లో మొదటిది ఉంది, రెండోది లేదు.

బారువ దాటి తోటల్లో పడగానే బావ బండి ఆపి నాలుగు టైర్లలోనూ గాలి సగానికి దించాడు. ఇసుక మీద గట్టి టైరు కోసుకుంటూ దిగిపోతుంది, మెత్తని టైరు పరుచుకుని తేలుతుంది. బండి వెనక ఎప్పుడూ కొబ్బరి మట్టలు వేసుకుని ఉంటాడు. చక్రం తిరిగిన చోటే తిరుగుతుంటే కింద మట్టలు తోసి ఒక్క ఊపులో పైకి లాగాలట. "బ్రేకు మీద కాలు పెట్టకూడదు, అక్కడే కూలబడిపోద్ది. గేరు మార్చకూడదు. మనసు మార్చుకోకూడదు," అని మూడు సూత్రాలు చెప్పాడు.

దారి అంటే రెండు చక్రాల గాడి. రెండు పక్కలా మొగలి కంచెలు బండి ఒళ్లు గీరుతుంటాయి. ఆ వెనక జీడిమామిడి తోటలు, కొబ్బరి, అక్కడక్కడ పనస, సముద్రం దగ్గరపడే కొద్దీ సరుగుడు. జీడి అప్పుడప్పుడే కాపుకు వస్తోంది. చిన్న చిన్న ఎర్ర పళ్ల కింద పిక్కలు వేలాడుతున్నాయి. తోటల మధ్య గాడి రెండుగా చీలుతుంది, నాలుగవుతుంది, ఒక కళ్లంలోకి పోయి ఆగిపోతుంది. అక్కడ చింతచెట్టు కింద పిక్కలు ఏరుతున్న ఒక మామ్మ మమ్మల్ని చూసి నవ్వింది.

"ఏటి బాబూ, దారి తప్పినారా?"

"అక్కుపల్లి ఎల్లాల మామ్మా."

"ఇటెల్తే ఇసకే. బండి దిగబడిపోద్ది. ఎనక్కెల్లి రాయిచెట్టు కాడ ఎడమకి ఎల్లండి. నిన్న ట్రాక్టరెల్లింది, ఆ గాడి పట్టుకోండి."

నిన్న ట్రాక్టరు పోయిన దారే ఇవాళ్టి రోడ్డు. రేపు వాన పడితే ఇంకో చోట ఉంటుంది. ఈ గాళ్లను వేసింది సర్కారు కాదు. పిక్కలూ కొబ్బరికాయలూ చేపలూ బయటికి తెచ్చుకోవాల్సిన జనం బళ్లతో, సైకిళ్లతో, ఈ మధ్య ఆటోలతో తొక్కి తొక్కి చేసుకున్నారు. పలాస ఫ్యాక్టరీలకు పోయే పిక్కల్లో చాలా భాగం ఇలాంటి గాడి మీదే మొదటి రెండు కిలోమీటర్లు నడుస్తుంది. ఇవాళ విదేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి చేసుకుని పలాసలో పప్పు తీస్తున్నారు. ఆఫ్రికా పిక్క విశాఖ రేవు నుంచి తారు రోడ్డు మీద హాయిగా వస్తుంటే ఉద్దానం పిక్క ఇంటి నుంచి రోడ్డెక్కడానికే ఆపసోపాలు పడుతుందని బావ నవ్వుతూ చెప్పాడు. అతని వ్యాపారానికి రెండూ కావాలి, అందుకని ఎవరినీ తిట్టడు.

తోటల్లో ఒక వింత. ఎత్తైన కొబ్బరి చెట్లు ఎక్కడో ఒకటి, వాటి కింద అంతా ఒకే ఈడు, ఒకే ఎత్తు చెట్లు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. వజ్రపుకొత్తూరు మండలం పల్లెసారథి దగ్గర. అంతకు ఐదేళ్ల ముందు 2013 అక్టోబర్ 12న పైలీన్ గోపాలపురం దగ్గర దాటినప్పుడు ఉద్దానం సగం ఒరిగింది, తిత్లీకి మిగతా సగం పడుకుంది. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. పడిపోయిన తోట మళ్లీ నాటుకుని, కాపు కోసం ఎదురుచూస్తూ, అప్పుల మధ్య బతికిన ఆ ఆరేడేళ్లే ఈ ఒకే ఎత్తు చెట్లు.

ప్రతి ఊరి మొదట్లోనూ నీలం ఉక్కు పంపో, ప్లాస్టిక్ ట్యాంకో, నీళ్ల డబ్బాల ఆటోనో కనపడుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రాయని పత్రిక లేదు. దశాబ్దాల పరిశోధన జరిగింది, నీళ్ల మీద అనుమానం తప్ప కారణం ఇదీ అని ఖాయంగా ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ, హిరమండలం జలాశయం నుంచి ఈ ఊళ్లకు తాగునీళ్ల పథకమూ ఒకే రోజు ప్రారంభమయ్యాయి. ఈ ప్రయాణంలో మేం ఆగిన ప్రతి చోటా మనిషి మమ్మల్ని కూచోబెట్టి ముందు నీళ్లిచ్చాడు, ఇస్తూ "ఇవి కొళాయి నీళ్లే" అని గట్టిగా చెప్పాడు. మిగతా రాష్ట్రంలో అతిథికి నీళ్లిచ్చేటప్పుడు అవి ఎక్కడివో చెప్పాల్సిన అవసరం ఉండదు.

అక్కుపల్లి శివసాగర్ బీచ్ దగ్గర కాసేపు టైర్లకు తారు తగిలింది. మళ్లీ గాడి. మంచినీళ్లపేటలో పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి, మధ్యాహ్నపు ఎండకు ఊరు తలుపులు వేసుకుంది. నువ్వలరేవులో మాత్రం తలుపులు వేసుకునే వీలు లేదు. ఇంటికి ఇల్లు అంటుకుని, వేలమంది మత్స్యకారులు ఇరుకు సందుల్లో ఉండే పెద్ద ఊరు. ఊరి పిల్లను ఊరి పిల్లాడికే ఇస్తారు, పెళ్లిళ్లన్నీ కలిపి ఒకే ముహూర్తానికి చేస్తారు. పదులకొద్దీ జంటలు ఒకే రాత్రి పీటల మీద కూచుంటాయి. ఆ ముహూర్తానికి అండమాన్‌లో ఉన్నవాడు, చెన్నైలో ఉన్నవాడు, గుజరాత్ పడవల మీద ఉన్నవాడు అందరూ రావాల్సిందే. రంగూన్ పోయే స్టీమరు ఆగిపోయింది గాని పోయేవాళ్లు ఆగలేదు. దిక్కులు మారాయంతే.

ఇక్కడి నుంచి భావనపాడు ఎదురుగానే ఉంటుంది, నడుమ ఉప్పుటేరు అడ్డం. బొలెరో ఈదదు గనక లోపలికి చుట్టి రావాల్సి వచ్చింది, అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆకలి, ధూళి, దారిలో ఒక చోట దొరికిన చల్లారిన పెసరట్టు.

చుట్టి వచ్చి నౌపడ బీలలోకి, అంటే చిత్తడి నేలలోకి, దిగగానే రోడ్డు ఒక్కసారిగా వెడల్పయింది. లారీలు ఎదురెదురుగా పోగలిగే రోడ్డు, గట్టి బరువులు ఓర్చే గుల్ల రాయి పరుపు. పొద్దుటి నుంచి మేం నడిచిన వాటిలో అన్నిటికన్నా మంచి రోడ్డు అదే. అది పోయేది కాకరాపల్లి కరెంటు ప్లాంటుకు. 2640 మెగావాట్లు అని కాగితాల్లో రాసుకున్న ఆ ప్లాంటు ఒక్క బల్బు వెలిగించకుండానే ఆగిపోయింది.

దూరం నుంచి చూస్తే కట్టడాలు నిజంగానే పెద్దవి. చిత్తడి నేల మధ్య కాంక్రీటు, తుప్పెక్కిన ఇనుప చట్రాలు. దగ్గరికి పోనివ్వరు, మేమూ పట్టుబట్టలేదు. పాడుబడిన ఊరు చూడడం వేరు. అక్కడ ఒకప్పుడు ఎవరో వంట చేసుకున్నారు, పిల్లలు ఆడుకున్నారు అన్న ఊహ ఉంటుంది. ఇక్కడ ఊహించుకోవడానికి కూడా ఏమీ లేదు. ఉన్నది ఒక్క తేదీ: 2011 ఫిబ్రవరి 28. ఆ రోజు ఈ బీలను, ఇందులోని చేపలనూ ఉప్పునూ నమ్ముకున్న వడ్డితాండ్ర, హనుమంతునాయుడుపేట, ఆకాశలక్కవరం జనం ప్లాంటు వద్దని అడ్డుపడితే పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. అంతకు ఏడు నెలల ముందు, 2010 జూలై 14న సోంపేట బీలలోనూ అదే జరిగింది. అక్కడా కరెంటు ప్లాంటే, అక్కడా 2640 మెగావాట్లే, అక్కడా కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేశారు. కొన్ని గంటల ముందు ఆ కాగితం వచ్చి ఉంటే అనుకోని మనిషి ఆ ప్రాంతంలో లేడు.

మేం పొద్దున బారువకు వస్తూ చూసిన సోంపేట బీలలో ఇప్పుడు వరి కొయ్యకాళ్లున్నాయి, గేదెలున్నాయి, నీళ్లున్న చోట కొంగలున్నాయి. అది చూసినవాడికి అక్కడ ఏమీ జరిగినట్టు అనిపించదు. ఇక్కడ కాకరాపల్లిలో గెలిచిందెవరో చెప్పడం కష్టం. ప్లాంటు రాలేదు, బీల పూర్తిగా తిరిగి రాలేదు. నాకైతే ఈ తీరం మొత్తంలో అసలు సిసలు పాడుబడ్డ చోటు ఇదే. బారువ రేవు బతికి, వయసైపోయి, పోయింది. ఇది పురుడు దాటలేదు.

పక్కన తేలినీలాపురంలో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇంకా గూళ్ల మీదే ఉన్నాయి. పొద్దున బీలకు వచ్చి చేపలు పట్టి, సాయంత్రానికి పిల్లలకు మోసుకుపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఈ రకం గూడబాతులు మన దక్షిణాసియావే, సైబీరియా మొహం ఎన్నడూ చూసి ఉండవు. అయినా అంత దూరం నుంచి వచ్చిన చుట్టాలన్న గౌరవంతోనే ఊరు వాటిని కాపాడుకుంటోంది కాబట్టి ఈ సంగతి అక్కడ పైకి అనకుండా వచ్చేశాను.

ఇక ఉప్పు. నౌపడ ఉప్పు కొటార్లలో మార్చి అంటే పని ముమ్మరం. గట్టు మీద బండి ఆపి దిగగానే కళ్లు చిట్లించుకోవాల్సి వచ్చింది. కనుచూపు మేర మడులు, మడుల మధ్య గట్లు, గట్ల మీద ఉప్పు రాశులు, వాన భయానికి ఆ రాశుల మీద కప్పిన తాటాకులు.

చూడడానికి నీళ్లు నిలబెట్టి ఎండబెట్టడమే గాని ఇందులో లెక్క చాలా ఉంది. ఏటి పోటుకు వచ్చిన సముద్రపు నీళ్లను ముందు పెద్ద మడుల్లోకి పెడతారు. అప్పుడు దాని గాఢత బోమే కొలతలో మూడు డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఎండకు నీళ్లు ఇగురుతుంటే ఒక మడి నుంచి ఇంకో మడికి, దాని నుంచి మరోదానికి మారుస్తూ పోతారు. నడుమ సున్నమూ జిప్సమూ అడుగున పేరుకుంటాయి. పాతిక డిగ్రీలు వచ్చాక పంట మడిలోకి వదిలితే అక్కడ అసలు ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ముప్ఫైకి చేరేలోపు మిగిలిన నీళ్లు తీసేయాలి. లేకపోతే మెగ్నీషియం ఉప్పులు కూడా దిగి సరుకు చేదెక్కుతుంది, చెమ్మ పడుతుంది. ఈ డిగ్రీలు కొలవడానికి గాజు గొట్టం ఒకటి ఉంటుంది. అక్కడ పని చేయిస్తున్న మేస్త్రీ దాన్ని చూపించాడు గాని వాడలేదు. వేలు ముంచి నాలుకకు తగిలించి "ఇరవై రెండు" అన్నాడు. బావ పట్టు విడవక గొట్టంతో కొలిపించాడు. ఇరవై రెండుకు కాస్త పైన.

మోకాళ్ల దాకా చీర దోపుకున్న ఆడవాళ్లు పొడుగు కర్ర చివర పలక బిగించి ఉప్పును గట్టు వైపు లాగుతున్నారు. అడుగున మట్టి కదలకూడదు, పైపొర మాత్రమే రావాలి. మట్టి కదిలితే ఉప్పు నల్లబడుతుంది, నల్లబడితే ధర పడుతుంది. లాగిన ఉప్పును తట్టలకెత్తి తల మీద మోసుకుపోయి రాశి పోస్తారు. ఒకామె పాదాలు చూపిస్తూ "ఎన్ని సెప్పులేసినా ఉప్పు తినీసుద్ది బాబూ. రాత్రి కొబ్బరి నూని రాసుకుంటే గాని నిద్దర రాదు," అంది. జనవరి నుంచి మొదటి గట్టి వాన దాకా ఇదే పని. ఒక్క వాన చాలు, మడిలో ఉన్నదంతా మళ్లీ నీళ్లు.

ఈ ఉప్పుకు రైలు రుణపడి ఉంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు చిన్న గేజి రైలు వేయించుకున్నారు, 1931 నాటికి అది గుణుపురం దాకా పోయింది. సముద్రపు ఉప్పు ఎగువకు, ఎగువ ధాన్యమూ అటవీ సరుకూ దిగువకు. 2004లో చిన్న రైలు ఆగిపోయి, పెద్ద గేజి అయి 2011 నాటికి మళ్లీ గుణుపురం దాకా నడిచింది. ఉప్పు మీద తెల్లవాళ్ల పన్ను 1947లో పోయింది. ఇన్ని మారినా పలకతో లాగడం, తట్టతో మోయడం మారలేదు. నేను గనులు చూడలేదన్న వెలితి ఈ మడుల దగ్గర తీరింది. ఇది తవ్వితే తరిగే గని కాదు, అందుకే దీని చుట్టూ ఉన్న ఊరు పాడుబడలేదు. అయితే ఇక్కడ ఎవరూ ధనవంతులూ కాలేదు.

మూలపేటకు చేరేసరికి పొద్దు వాలుతోంది. 2023 ఏప్రిల్ 19న ఇక్కడ రేవుకు శంకుస్థాపన జరిగింది. మొదట భావనపాడు రేవు అన్నదే ఇప్పుడు మూలపేట రేవు. నాలుగు బెర్తులు, ఏడాదికి 2 కోట్ల 35 లక్షల టన్నుల సరుకు అని లెక్క. టిప్పర్లు బారులు తీరి రాళ్లు తెచ్చి సముద్రంలోకి గోడలు తోస్తున్నాయి. బారువలో మనుషులు కెరటాలు దాటి ఓడ దగ్గరికి పోయారు. ఇక్కడ కెరటాలనే పక్కకు నెట్టి ఓడను ఒడ్డుకు పిలుస్తారు. దీనికోసం మూలపేట, విష్ణుచక్రం ఊళ్లు లేచిపోవాలి. వాళ్లకు నౌపడ దగ్గర పునరావాస కాలనీ.

ఊరి మొదట్లో చావిడి అరుగు మీద కూచున్న పెద్దాయన మా బండి నెంబరు చూసి సర్వే వాళ్లమేమో అనుకున్నాడు. కాదని తెలిశాక జరిగి చోటిచ్చాడు. ఇంటికి ఎంతిస్తారు, చెట్టుకు ఎంతిస్తారు, పశువులను ఎక్కడ కట్టాలి, ఈ లెక్కలన్నీ ఆయన నోటికి ఉన్నాయి. కోపం కంటే విసుగే ఎక్కువ ఆ గొంతులో.

ముగ్గురు కొడుకులట. పెద్దవాడు చెన్నైలో ఇళ్ల పని, రెండోవాడు పోర్ట్‌బ్లెయిర్‌లో, చిన్నవాడు ఐటీఐ ఫిట్టరు పాసై విశాఖలో ఎవరి దగ్గరో పని చేస్తున్నాడు.

"పోర్టయితే ఒక్కడైనా ఇంటికొత్తాడా బాబూ?"

నేను ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే బావ అందుకున్నాడు. "ఫిట్టరంటే పనుంటాది మామా. గాని క్రేను నడిపితే జీతం బాగుంటాది. దానికి వేరే ట్రైనింగవ్వాల, లైసెన్సుండాల."

"ఆ ట్రైనింగు ఎక్కడిత్తారు?"

బావకు తెలియదు. గంగవరం పోర్టులో లారీలు తిప్పే తెలిసినాయన ఉన్నాడని ఫోన్ తీసి కలిపాడు, స్పీకరు పెట్టి అరుగు మీద పెట్టాడు. పెద్దాయన ముందుకు ఒంగి, నమస్కారం కూడా లేకుండా ఫీజెంత, ఎన్ని నెలలు, హాస్టలు ఉంటదా లేదా అని ఒకదాని వెంట ఒకటి అడగడం మొదలుపెట్టాడు.